ముత్యాలమ్మ గొంతు కోసం విశాఖలో నాలుగు రోజులు

జులై 28, ఆదివారం

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ బెజవాడలో తెల్లవారుతూనే బయల్దేరుతుంది. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో గొడుగు, చేతిసంచిలో మూడు జతల బట్టలు, అట్ట ఊడిపోతే దారంతో కుట్టించుకున్న రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’. లా చదివే రోజుల్లో ఏలూరు రోడ్డు మీద పాతపుస్తకాల కొట్లో కొన్నాను. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

నేను మేజిస్ట్రేటు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే ప్లీడర్ని. ఇరవై ఏళ్లుగా పొద్దున పదిన్నరకల్లా కోర్టు వరండాలో ఉంటాను. ప్రాక్టీసు పెట్టిన మొదటి ఏడాదే నాటుసారా కేసులో ఒక ముసలమ్మ వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి “కొత్తా అమ్మాయ్?” అంది. ఏ సాక్షి బోనెక్కి ఏం చెప్తాడో, ఎక్కడ తడబడతాడో, చివరికి ఎంత జరిమానా పడుతుందో వరసగా చెప్పుకుపోయింది. అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయి. ఆ రాత్రి ఇంటికెళ్లి ఆ పుస్తకంలో ‘మాయ’ కథ మళ్లీ తీశాను. అందులో సారా అమ్ముకునే ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుకి చేసేది ఇదే. లోకం ఎలా నడుస్తుందో విడమరిచి చెప్తుంది. అప్పటినించి నాకు రావిశాస్త్రి అభిమాన రచయిత మాత్రమే కాదు. వృత్తిలో పెద్దదిక్కు.

రావిశాస్త్రి అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1922 జులై 30న శ్రీకాకుళంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చదివారు, మద్రాసులో లా చేశారు, తాతగారి దగ్గర పని నేర్చుకుని 1950 నించి విశాఖలో ప్రాక్టీసు చేశారు. 1993 నవంబరు 10న పోయారు. ఏటా ఆయన పుట్టినరోజున విశాఖలో సాహిత్యాభిమానులు కలుస్తారు, సభ జరుగుతుంది. ఇన్నేళ్లూ మర్నాడు పేపర్లో చదివి ఊరుకున్నాను. వాయిదాలు అడ్డం వచ్చేవి.

ఈసారి కదిలించింది మా అక్క కొడుకు. వాడు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్ 16న ఫొటోలు పంపాడు. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ రాసిన ‘యులిసిస్’ నవలంతా 1904 జూన్ 16న, ఆ ఒక్క రోజులోనే జరుగుతుంది. ఏటా ఆ తేదీన జనం గడ్డి టోపీలు పెట్టుకుని, పాతకాలం కోట్లు తొడుక్కుని, బ్లూమ్ అనే పాత్ర తిరిగిన వీధుల్లో తిరుగుతారట. ఆగిన చోటల్లా పుస్తకం తెరిచి పైకి చదువుతారట. 1954లో కొందరు రచయితలు గుర్రపు బళ్లెక్కి మొదలుపెట్టిన ముచ్చట ఇప్పుడు ఊరంతటి పండగైంది. బ్లూమ్ నిమ్మవాసన సబ్బు కొన్న మందుల షాపు ఇంకా ఉంది. అక్కడ ఆ సబ్బు అమ్ముతారు, నవలా చదువుతారు. ఫొటో కింద మావాడు రాశాడు: “పిన్నీ, మన దగ్గర ఇలాంటి పండగ ఏదీ లేదా?”

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ‘యులిసిస్’ అచ్చయింది 1922 ఫిబ్రవరి 2న. అదే ఏడు జులైలో రావిశాస్త్రి పుట్టారు. ముప్పయ్యేళ్ల తర్వాత, జాయిస్ ప్రభావంతో, మనిషి మనసులో ఆలోచన ఎలా మెలికలు తిరుగుతుందో అలాగే రాసుకుంటూ పోయి ‘అల్పజీవి’ ఇచ్చారు. చైతన్యస్రవంతి అనే ఈ పద్ధతి గురించి తెలుగులో ఎవరు మాట్లాడినా ముందు ఆ నవల దగ్గర ఆగాల్సిందే. డబ్లిన్‌కి వెళ్లడం నా వల్ల కాదు. విశాఖ ఒక పూట ప్రయాణం.

రాజమండ్రి దాటేదాకా పెట్టెలో మాటలు మా ఊరి మాటల్లాగే ఉన్నాయి. తుని వచ్చాక కొండలు దగ్గరికి జరిగాయి, మాటా మారింది. జామకాయల బుట్టతో ఎక్కిన పిల్లాడు “బేగి తీసుకోండమ్మా, బండి ఎలిపోద్ది” అన్నాడు. త్వరగా అనే ఆ ‘బేగి’ వినగానే ఒళ్లో పుస్తకం కదిలినట్టనిపించింది.

స్టేషనుకి నా స్నేహితురాలు వచ్చింది. లా కాలేజీలో ఒకే బెంచీ, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో కాపురం. “ఏమే, నా కోసం ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ఆయన కోసం వచ్చావన్నమాట” అంటూ సంచి లాక్కుంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నాం. మేం మరమరాలంటాం, రాయలసీమలో బొరుగులంటారు, ఇక్కడ మురీలు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం పడ్డాక డబ్బాలో గరిటె తిప్పే చప్పుడు అలల్లోంచి కూడా వినపడుతుంది. దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ మీద దీపం వెలిగింది.

జులై 29, సోమవారం

పొద్దున ఆరున్నరకి పాతపోస్టాఫీసు దగ్గర తొమ్మిదిమందిమి చేరాం. దీన్ని ఏ సంఘమూ పెట్టలేదు. స్నేహితురాలికి తెలిసిన చదువరులు కొందరు, రావిశాస్త్రి ఊళ్లో ఒక పూట నడుద్దాం అనుకున్నారంతే. ముందు నడిచిన పెద్దాయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. అందరూ ఆయన్ని మాస్టారూ అంటున్నారు. ఎప్పుడైనా పాఠం చెప్పారా అని అడిగితే నవ్వారు. “విశాఖపట్నంలో గౌరవించాలనుకున్న ప్రతివాడూ మాస్టారేనమ్మా.”

ఒన్‌టౌన్‌లో పెంకుటిళ్లు తగ్గిపోయాయి. ఉన్నవాటి గోడలకి ఉప్పుగాలి పట్టి సున్నం పొలుసులుగా రాలుతోంది. సందులు మాత్రం మారలేదు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాలి. కోటవీధి వైపు కొన్ని మలుపుల్లో మూడు కొండలూ ఒకేసారి కనిపిస్తాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. వెనక పోర్టు క్రేన్లు. మాస్టారు చెయ్యి చాపి చెప్పారు: “1933లో ఓడరేవు తెరిచారు. అప్పటికి రావిశాస్త్రిగారికి పదకొండేళ్లు. పల్లెల నించి కూలికి జనం వచ్చిపడ్డారు. కూలి డబ్బులు వెతుక్కుంటూ కాంట్రాక్టర్లు, వడ్డీవాళ్లు, సారా, పోలీసులు, కోర్టులు. ఆయన కథల్లో మనుషులందరూ ఆ ఒక్క గేట్లోంచే వచ్చారమ్మా.”

ఇది నేను ఏ విమర్శ వ్యాసంలోనూ అంత సూటిగా చదవలేదు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజుల్లో, సారా కాసేవాళ్లూ పట్టుకునేవాళ్లూ వాదించేవాళ్లూ తీర్పు చెప్పేవాళ్లూ ఒకే గానుగకి కట్టేసిన ఎద్దుల్లా ఎలా తిరిగారో ‘ఆరు సారా కథలు’ చెప్తాయి. ఆ గానుగ ఎక్కడ తిరిగిందో ఇవాళ కాళ్లతో తెలిసింది.

ఒక సందు మొదట్లో ఆగి, మాలో ఒక కుర్రాడు ‘అల్పజీవి’లోంచి రెండు పేజీలు చదివాడు. సుబ్బయ్య అనే గుమస్తా. బావమరిదిని చూస్తే భయం, ఆఫీసులో భయం, కాంట్రాక్టరు గవరయ్యని చూస్తే భయం. ఇంట్లో కూచుని చదివినప్పుడు ఆ భయం మనసులో రోగంలా తోచేది. ఇంత ఇరుకు సందులో నిలబడి వింటే అది వేరేగా ఉంది. ఎదురొచ్చేవాడికి దారివ్వడానికి గోడకి అతుక్కుపోయే మనిషికి, రోజూ అలా అతుక్కుపోయే మనిషికి, భయం వీపుకి అంటిన సున్నం లాంటిది. వాడు దులుపుకోవడం మర్చిపోయాడు. చదువుతుండగా స్కూలు బ్యాగులతో ఇద్దరు పిల్లలు ఆగారు. “సినిమా తీస్తన్నారేటి?” అని అడిగారు. కథ చదువుతున్నాం అంటే కాసేపు విని వెళ్లారు.

వాన పట్టుకుంది. ఒక కిరాణా కొట్టు చూరు కింద దూరాం. డబ్లిన్ సబ్బు గుర్తొచ్చింది. రావిశాస్త్రి ‘ఋక్కులు’ కథలకి పేర్లు శ్రీశ్రీ కవితలోంచి తీసుకున్నారు: అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ, కుక్కపిల్ల. దేన్నీ హీనంగా చూడొద్దని కవి చెప్పిన మాటకి, ఒక్కో వస్తువుకీ ఒక్కో కథ కట్టి మరీ మద్దతు పలికారు. శ్రీశ్రీ కూడా 1910లో ఈ ఊళ్లో పుట్టినవారే. “ఒక సబ్బుబిళ్ళ ఇవ్వండి” అన్నాను. కొట్టాయన “ఏ సబ్బు కావాలమ్మా?” అంటే, అందరూ ఒంటికి రాసుకునే ఎర్రసబ్బు ఇమ్మన్నాను. కాగితంలో చుట్టి ఇచ్చాడు. అది డబ్లిన్ వెళ్తుంది, మావాడి ప్రశ్నకి జవాబుగా. మేం తిరిగిన సందుల్లో ఎక్కడా ఆయన పేరుతో ఒక చిన్న బోర్డు కూడా కనపడలేదు. ఫలానా కథ ఈ చుట్టుపక్కల జరిగింది అని నాలుగు అక్షరాలు రాసిపెడితే, ఆ స్కూలు పిల్లలు రోజూ చదువుకుంటూ వెళ్తారు కదా.

మధ్యాహ్నం ఒక పుస్తకాల షాపుకి వెళ్లాం, మావాడికి ‘అల్పజీవి’ కొందామని. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో వెతికి “రచయిత పేరు మళ్లీ చెప్తారా?” అంది. ఆయన జీవితమంతా గడిపిన ఊళ్లో ఆ మాట వినడం కష్టంగా అనిపించింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆమెకి ఎవరూ చదివి వినిపించలేదు.

జులై 30, మంగళవారం

ఏడింటికి బీచ్ రోడ్డులో రావిశాస్త్రి విగ్రహం దగ్గరికి వెళ్లాం. పాతికమంది ఉంటారు. ఎవరో కనకాంబరాలూ చామంతులూ కలిపి కట్టిన దండ తెచ్చారు. ఉపన్యాసాలు లేవు. నడకకి వచ్చినవాళ్లు కొందరు ఆగి చెప్పులు విప్పి దండం పెట్టుకున్నారు. ఈ దండలూ దండాలూ ఆయన పెద్దగా ఇష్టపడి ఉండరేమో. రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వెనక్కిచ్చేసిన మనిషి, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇస్తానన్న కళాప్రపూర్ణ బిరుదు వద్దన్న మనిషి, ఎమర్జెన్సీలో జైలుకెళ్లిన మనిషి. 1970 ఫిబ్రవరిలో ఈ ఊళ్లోనే శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగినప్పుడు, మీరెటువైపు అని విద్యార్థులు రచయితల్ని కరపత్రం వేసి నిలదీశారు. ఆ ఏడు జులైలో విప్లవ రచయితల సంఘం పుట్టింది. దాన్ని నిలబెట్టిన తొలివాళ్లలో రావిశాస్త్రి ఉన్నారు. ఇవన్నీ తెలిసి కూడా నేనూ ఒక పువ్వు పెట్టాను. గురువుకి పెట్టినట్టే పెట్టాను.

సభ సాయంత్రం. మధ్యలో పూట ఖాళీ. నా కాళ్లు జగదాంబ జంక్షన్ దాటి జిల్లా కోర్టు వైపు నడిచాయి. నల్లకోటు లేకుండా కోర్టు ఆవరణలోకి వెళ్లడం నాకు వింతగా ఉంది. చెట్టు కింద టైపు మిషన్లు, జిరాక్స్ షాపు, టీ బండి, పిలుపు కోసం మెట్ల మీద కూచున్న జనం. గోడవారన ఒకావిడ టిఫిను గిన్నె మూత తీసి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటోంది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిశాయి, వానలో ఎక్కడినించో నడిచొచ్చినట్టుంది. పక్కన కూచున్న చిన్నమ్మాయికి ఏదో చెప్తోంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. ఈమె గొంతులో మాత్రం ఆందోళన లేదు. “ఏడిస్తే వాయిదా మారిపోద్దేటి? తిను ముందు. మజ్జానం దాకా పిలవరు.” ఒక ముద్ద కలిపి పిల్ల చేతిలో పెట్టింది.

నేను టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమె ఎవరో, కేసేమిటో నాకు తెలీదు. అడగలేదు. ఆ గొంతు మాత్రం ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడ విన్నానో అప్పుడు తట్టలేదు.

ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో సభ. వానైనా హాలు నిండింది. జుట్టు నెరిసినవాళ్లే ఎక్కువ, వెనక వరసల్లో కాలేజీ పిల్లలు. మొదటి వక్త శిల్పం గురించి మాట్లాడారు. ఉపమానాల మీద ఉపమానాలు పేర్చి, ఆఖర్న ఒక చిన్న వాక్యంతో మొత్తం కూల్చే పద్ధతి గురించి చెప్పారు. బాగుంది కానీ పొడుగైంది. రెండో వక్త, రాసేది మంచికి హాని చెయ్యకూడదు, చెడ్డకి సాయపడకూడదు అన్న ఆయన నియమాన్ని గుర్తుచేశారు. ఆ మాట వచ్చేసరికి ముందు వరసల్లో పెద్దవాళ్ల పెదాలు కూడా కదిలాయి.

తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదువుతోందట, శ్రీకాకుళం జిల్లా పల్లెటూరు. చేతిలో ‘మాయ’ జిరాక్స్ కాగితాలు. మైకు తనకి ఎత్తుగా ఉందని పక్కకి తోసి, మైకు లేకుండానే ముత్యాలమ్మ మాటలు మొదలుపెట్టింది.

నాకా పేజీలు కంఠతా వచ్చు. ఏ వాక్యం తర్వాత ఏది వస్తుందో తెలుసు. కానీ ఆ పిల్ల చదువుతుంటే నాకు తెలిసిన కథ ఒక్కటీ వినపడలేదు. నా చదువులో ముత్యాలమ్మ ఎప్పుడూ గుండె పగిలి మాట్లాడేది. కోపం, కన్నీళ్లు, శాపనార్థాలు. ఈ పిల్ల గొంతులో ముత్యాలమ్మ చేపల ధర చెప్పినట్టు చెప్తోంది. తొందర లేదు. బతిమాలడం లేదు. వాక్యం చివర మేం కృష్ణా జిల్లావాళ్లం సాగదీసేచోట ఆమె టక్కున తెంపేస్తోంది, మేం తెంపేచోట కొంచెం ఊగుతోంది. ఎదురుగా ఉన్న కుర్ర ప్లీడరంటే ఆమెకి జాలి! ఇంత చదువుకుని ఇంత చిన్న సంగతి తెలీదే పాపం అని జాలి. హాలంతా నవ్వింది. ఇన్నేళ్లలో ఆ చోట నేనెప్పుడూ నవ్వలేదు. ఆ నవ్వు ఇంకా పూర్తవకముందే తర్వాతి వాక్యం వచ్చిపడింది, హాలు ఒక్కసారి చల్లబడింది. వెనకెక్కడో ఎవరిదో సెల్లు మోగితే వాళ్లే గబగబా నొక్కేశారు.

పొద్దున కోర్టు గోడవార విన్న గొంతు అదే. ఏడిస్తే వాయిదా మారిపోద్దేటి!

ఇరవై ఏళ్లు నేను ముత్యాలమ్మని ఏడిపిస్తూ చదివాను. నా జాలిని ఆమె నోట్లో పెట్టాను. ఆయన ఆమెకి ఇచ్చినది లెక్క తెలిసిన మనిషి గొంతు. అది అక్షరాల్లో మొదటినించీ ఉంది. నా చెవికి ఆ యాస రాదు కాబట్టి నాకు వినపడలేదు. నా దగ్గరికొచ్చే క్లయింట్లలో ఎంతమంది మాట నేనిలా నా యాసలోకి మార్చుకుని విన్నానో అని కూచున్నచోటే భయమేసింది.

సభ అయ్యాక ఆ అమ్మాయిని వెతికి పట్టుకున్నాను. “ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా?”

“నేర్పడమేంటండీ, మా నాయనమ్మ ఇలాగే మాట్లాడతాది” అంది. తర్వాత తలొంచుకుని, “హైస్కూల్లో నేనూ ఇలాగే మాట్లాడేదాన్ని. అందరూ సినిమాల్లో పనిమనుషుల భాష అని నవ్వేవోరు. మానేశాను. ఈ కథ దొరికాక మళ్లీ వచ్చింది” అంది.

నేనేం చెప్పగలను? దారంతో కుట్టిన నా పుస్తకం మొదటి పేజీ తెరిచి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాను. పిల్ల సిగ్గుపడింది, “నేను రాయలేదు కదండీ” అంది. నాకు చదవడం నేర్పావు కదా అన్నాను.

జులై 31, బుధవారం

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాం. వేట నిషేధం జూన్ మధ్యలో ఎత్తేశారు కాబట్టి బోట్లు నిండుగా వస్తున్నాయి. కోనాలు, చందువలు, కవళ్లు, కుప్పలుగా రొయ్యలు. నేను ఏమీ కొనలేదు. పాటలు పాడే ఆడవాళ్ల గొంతులు వింటూ తిరిగాను. పాటంటే వేలంపాట. స్నేహితురాలు మాడుగుల హల్వా కట్టించి ఇచ్చింది, మా జూనియర్లకి.

తిరుగు రత్నాచల్ మధ్యాహ్నం బయల్దేరింది. అనకాపల్లిలో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీదికి చూస్తూ కూచున్నాను. రాచకొండవారి సొంతూరు తుమ్మపాల ఇక్కడికి దగ్గరే. ఇద్దరు పిల్లలతో ఒక నడివయసు ఆవిడ ఎక్కి నా ఎదురుగా కూచుంది. సామర్లకోట కూతురింటికట. పిల్లలు సర్దుకున్నాక నా ఒళ్లో పుస్తకం చూసింది.

“ఏటమ్మా, సదువుతన్నావు?”

కథలన్నాను. ఒక సారా అమ్ముకునే ఆవిడ కథ అన్నాను. “సదువు మరి, ఇంటాను” అంది. పుస్తకం తెరిచి, నిన్నటి అమ్మాయిని తలుచుకుంటూ, గొంతు పెగల్చుకుని ముత్యాలమ్మ మాటలు నాలుగు వాక్యాలు చదివాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“అలక్కాదమ్మా. మావు అలగ లాగం. బేగి అనీసి ఊరుకుంతాం. ఏదీ, మళ్లీ సదువు.”

మళ్లీ చదివాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ వాక్యాన్ని తనే ఒకసారి అని చూపించింది. యలమంచిలి దాటేలోపు నా చేత ఆరుసార్లు చదివించింది.